అల్లుడికి, వీసింక్ సంగతి

ఒరే అల్లుడా,

నువ్వు సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నావనీ, వచ్చే నెల కాలేజీ పోటీల్లో షూటింగ్ గేమ్ ఆడతా ఉండావనీ చిత్తూరు నుంచి అక్క ఫోన్ చేసింది. సంతోషం పట్టలేక మీ అత్తకు రెండుసార్లు చెప్పినా. గేమ్ బొమ్మల్ని మానిటర్ వేగానికి జతకట్టే ఆ వీసింక్ సెట్టింగు పెట్టాల్నా తీసేయాల్నా అని అడిగినావంట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మానిటర్ వైరు, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చినావా చూసుకో. విండోస్ సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ పెట్టుకో, అంటే తెర సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేటట్టు. చానామంది 60 మీదే వదిలేసి ఆడతా ఉంటారు.

తిరుపతిలో నేను నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో ఎనిమిది సిస్టమ్‌లు, అన్నిట్లోనూ కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమే. పిల్లోళ్ళు గిర్రున తిరిగితే తెరమీద గోడ అడ్డంగా తెగి, పైముక్క ఒకపక్కకీ కిందిముక్క ఇంకోపక్కకీ జరిగేది. మానిటర్ పైనుంచి కిందికి బొమ్మ గీస్తా ఉండగానే కార్డు కొత్త బొమ్మ ఇచ్చేస్తే అట్లా తెగుతుంది. నాకది కంట్లో నలుసు. అన్నిట్లో వీసింక్ పెట్టేసినా. బొమ్మ నున్నగా వచ్చింది.

రెండోరోజే కొర్లగుంట పిల్లోడొకడు, "అన్నా, మౌసు బరువుగా ఉంది, నేను తిప్పినాక గన్ను తిరగతాంది" అన్నాడు. మౌసు మార్చినా. మళ్ళీ అదే మాట. "ఆడలేక మద్దెల ఓడంటావా" అని అందరి ముందర కసిరినా. వాడు ఎదురు చెప్పలేదు. ఇరవై రూపాయల నోటు సాపు చేసి బల్లమీద పెట్టి పోయినాడు. మళ్ళీ రాలేదు.

వారం తర్వాత షట్టర్ దించి నేనే కూర్చున్నా. వీసింక్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి మౌసు తిప్పినా. పెట్టినప్పుడు గన్ను నా చేతి వెనకాల ఈడ్చుకుంటా వచ్చింది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. మానిటర్ కోసం రెండు మూడు బొమ్మలు వరసలో నిలబడితే ఆ ఆలస్యమంతా చేతికే తెలుస్తుంది. కార్డు ఆ గడువు అందుకోలేనప్పుడు సెకనుకు 60 బొమ్మలు కాస్తా 30కి పడేది. పిల్లోడు చెప్పింది అక్షరాలా నిజంరా. వాడి పేరు గూడా అడిగి పెట్టుకోలేదు నేను.

పోటీలో వీసింక్ తీసెయ్. ఇంట్లో నిదానంగా కథ గేమ్‌లు ఆడేటప్పుడు పెట్టుకో, కంటికి హాయి. నీ మానిటర్‌కు ఫ్రీసింక్ ఉందంట గదా, దాన్ని వాడుకో. కార్డు బొమ్మ ఇచ్చినప్పుడే మానిటర్ మారుస్తుంది. ఫ్రేములకు, అంటే కార్డు సెకనుకు ఇచ్చే బొమ్మలకు, 140 దగ్గర హద్దు పెట్టు, 144 దాటితే ఫ్రీసింక్ పనిచెయ్యదు.

ఆ హద్దు మాత్రం మరవద్దు. వీసింక్ లేక, హద్దూ లేకపోతే, మెనూ దగ్గర ఊరికే ఉన్నా కార్డు వందల ఫ్రేములు గీస్తా ఉడికిపోతుంది. మన మే నెల ఎండలు నీకు తెలీనివా? కేబినెట్టును మంచానికీ గోడకీ నడుమ ఇరికించినావంట, ఏం బుద్ధిరా అది! ఈ పొద్దే బయటికి లాగు.

ఆదివారం మొదటి బస్సుకే వస్తా. దుమ్ము దులిపే బ్రష్షు నేనే తెస్తా. నువ్వు ఆడతా ఉంటే పక్కన కూర్చుంటా. మౌసు బరువుగా ఉంటే చెప్పు నాయనా, వింటా.

మీ మామ