కొద్దిపాటి పొదుపుతో పదవీ విరమణ: చెన్నై నుంచి నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చెన్నైలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నారు, మరో 14 నెలలలో 58 నిండి విరమిస్తారు, పీఎఫ్, గ్రాట్యుటీ, చేతిలో ఉన్నదీ కలిపితే 38 లక్షలవుతుంది, చిన్న సొంత ఫ్లాటు ఉంది, అప్పులు లేవు. ఈ డబ్బుతో పిల్లల మీద ఆధారపడకుండా, స్వేచ్ఛగా, సంతోషంగా బతకగలమా అని అడిగారు. చివరలో, మొహమాటపడుతున్నట్టుగా, పొద్దున లేచాక చేయడానికి ఏమి మిగులుతుంది అని కూడా రాశారు. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి వాక్యమేనని నాకు అనిపించింది, ఎందుకంటే ఆరేళ్ల క్రితం నన్ను పీడించినది కూడా అదే.

మాది గూడూరు దగ్గర ఒక పల్లె. అంబత్తూరు పారిశ్రామికవాడలో మోటారు విడిభాగాలు చేసే ఒక కంపెనీ స్టోర్సులో 33 ఏళ్లు పనిచేసి 2019 వేసవిలో విరమించాను. విల్లివాక్కంలో రెండు గదుల ఫ్లాటులో నేనూ మా ఆవిడా ఉంటాము. నా చేతికి వచ్చినది మొత్తం 27 లక్షలు, అంటే మీకంటే తక్కువ.

ముందు డబ్బు సంగతి చెబుతాను, అది తేలనిదే మిగతా మాటలు చెవికెక్కవు. 2019 జూన్‌లో 15 లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశాను. అప్పటికి గరిష్ఠ పరిమితి అంతే, వడ్డీ 8.7 శాతం, మూడు నెలలకు 32,625 రూపాయలు వచ్చేవి. అయిదేళ్ల గడువు తీరాక 2024లో మరో మూడేళ్లకు పొడిగించినప్పుడు రేటు 8.2 శాతమై ఆ మొత్తం 30,750కి తగ్గింది. ఈ అయిదేళ్లలో బియ్యం ధర, మందుల ధర పెరిగాయి, నా రాబడి మాత్రం తగ్గింది. అందుచేత మొదటి ఏడాదే వడ్డీ మొత్తం ఖర్చయ్యేలా జీవితాన్ని అమర్చుకోకండి, నాలుగో వంతయినా తిరిగి దాచిపెట్టగలిగేలా చూసుకోండి.

మీకు ఒక అనుకూలత ఉంది. 2023 ఏప్రిల్ నుంచి ఆ పథకంలో ఒక్కొక్కరి పరిమితిని 30 లక్షలకు పెంచారు. మామూలుగా 60 నిండినవారికే అయినా, 55 దాటి విరమించినవారు విరమణ డబ్బు చేతికి వచ్చిన మూడు నెలలలోపు ఖాతా తెరవవచ్చు. 30 లక్షలకు 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500 రూపాయలు పడతాయి. మిగిలిన 8 లక్షలలో కొంత పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలోనూ, కొంత ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే బ్యాంకు డిపాజిట్లలోనూ ఉంచండి. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే బీమా ఉంటుంది కనుక, అన్నీ ఒకే చోట పెట్టవద్దు. ఉద్యోగుల పింఛను పథకం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఎంత జీతం తీసుకున్నా చాలామందికి 15,000 పరిమితి మీదే, సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించి పింఛను కడతారు, 2014కు ముందు సర్వీసుకైతే ఆ పరిమితి ఇంకా తక్కువ. నాకు నెలకు మూడు వేల పైచిలుకు వస్తుంది. అది మా ఇంటి కరెంటు, గ్యాసు, ఫోను, ఫ్లాటు నిర్వహణ ఖర్చులకు సరిపోతుంది, అంతకు మించి కాదు.

మా ఇద్దరికీ నెలకు 19,000 దాకా అవుతుంది. ఆ అంకె తెలిసిన రోజే నాకు సగం భయం పోయింది. అయితే నెల ఖర్చు కంటే ఏడాదికోసారి వచ్చే ఖర్చులే మనిషిని తలకిందులు చేస్తాయి: ఆస్తి పన్ను, ఆరోగ్య బీమా, పండుగలు, ఊళ్లో పెళ్లిళ్లు, పాడైపోయే మోటారు పంపు. వాటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలోకి మార్చేస్తాను. స్టోర్సులో ముప్పై ఏళ్లు సరుకు నిల్వలు చూసిన నాకు ఇది అలవాటైన పని, మీకు కాకపోయినా రెండు నెలలలో అలవాటవుతుంది. ఆరోగ్య బీమాను మాత్రం కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా ముగియకముందే సొంతంగా తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే కనుక, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఒక పొరపాటు చెప్పకుండా ఉండలేను. విరమించిన ఆరు నెలలకు, తెలిసినవాడే కదా అని, ఒక పరిచయస్థుడు నడిపే రిజిస్ట్రేషన్ లేని చీటీలో రెండు లక్షలు కట్టాను. అతను ఒక రోజు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ మోసం కంటే, మా ఆవిడకు చెప్పకుండా కట్టానన్న సంగతే నన్ను ఎక్కువ కాలం బాధించింది. విరమణ డబ్బు ఇద్దరిదీ, ఇద్దరి సంతకం లేకుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాము.

ఇక మీ అసలు ప్రశ్న. విరమించిన మొదటి ఎనిమిది నెలలు నా జీవితంలో అన్నిటికంటే కష్టమైన కాలం. డబ్బుకు ఇబ్బంది లేదు, ఆరోగ్యం బాగుంది, అయినా పదకొండు గంటలయ్యేసరికి రోజు అయిపోయినట్టుండేది. పేపరు మూడుసార్లు చదివేవాడిని. ఏమీ తోచక వంటింటి డబ్బాలన్నిటికీ కంపెనీలో పెట్టినట్టు నిల్వ కార్డులు రాసి అతికించి, కందిపప్పు ఎంత వాడారో రాయమని మా ఆవిడతో అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఆ కార్డులన్నీ మెల్లగా ఊడదీసి నా చేతికిచ్చి, "మీకు విరమణ వచ్చింది, నాకు రాలేదు. ఈ వంటిల్లు నా ఉద్యోగం. ఇందులోకి మీరు ఆఫీసరుగా రాకండి, పనివాడుగా వస్తే రండి" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. స్వేచ్ఛ అంటే అప్పటివరకు నా స్వేచ్ఛ గురించే ఆలోచించానని, ఆవిడకు ఆదివారం కూడా లేదని ఆ రోజే నా తలకెక్కింది. ఇప్పుడు పొద్దుటి కాఫీ, కూరగాయలు తేవడం, తరగడం నావి. శుక్రవారం సాయంత్రం వంట కూడా నాదే. ఆ రోజు ఆవిడ, ఆడవాళ్లకు 2021 నుంచి మామూలు సిటీ బస్సుల్లో టికెట్టు లేదు కనుక, తన స్నేహితురాలితో తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి గుడికి వెళ్లి ఎనిమిదింటికి వస్తుంది. మా ఇంట్లో విరమణ వల్ల మొదట సంతోషపడినది ఆవిడే.

నాకు పని దొరికినది అనుకోకుండా. 2020 లాక్‌డౌన్‌లో మా పై అంతస్తులోని తమిళ కుటుంబం వారి పాప ఫోనులో సంగీతం నేర్చుకునేది. త్యాగరాజ స్వామి తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఉండి తెలుగులో కీర్తనలు రాశారు కనుక, ఇక్కడి పిల్లలు తెలుగు రాకపోయినా తెలుగులోనే పాడతారు. పాప గొంతు బంగారం. కానీ ఒక కీర్తనలో స్వామి నుదుటిని వర్ణించే చోట "ఫాల" అనవలసినది రోజూ "పాల" అనేది. వారం రోజులు విని, ఉండబట్టలేక, మెట్ల దగ్గర ఎదురైనప్పుడు చెప్పాను. పాప తన పుస్తకం తెచ్చి చూపింది. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం, అందువల్ల సంగీత పుస్తకాలలో అక్షరం పక్కన చిన్న అంకె వేస్తారు: రెండు ఉంటే ఫ, మూడు ఉంటే బ, నాలుగు ఉంటే భ. క, ట, త లకు కూడా అంతే. పాప దగ్గరున్నది వాళ్ల అమ్మమ్మ కాలపు పుస్తకం, అంకెలు అరిగిపోయి కనబడటం లేదు. ఆ అంకె లేకపోతే పాలూ, బాలా, ఫాలమూ ఒకేలా కనబడతాయి, "కథ"కూ "గద"కూ తేడా ఉండదు.

నేను ఎర్ర పెన్సిలుతో ఆ అంకెలన్నీ మళ్లీ వేసి ఇచ్చాను. రెండు పూటలు పట్టింది. ఆ రెండు పూటలూ నేను గడియారం చూడలేదు. మూడో రోజు పాప వాళ్ల సంగీతం టీచరు ఫోను చేసి, "సార్, మిగతా పిల్లల పుస్తకాలు కూడా చూస్తారా?" అని అడిగారు. ఇప్పుడు మంగళ, శని వారాల్లో సాయంత్రం అయిదున్నరకు పెరంబూరులో ఆవిడ ఇంటికి వెళ్తాను, పదకొండు మంది పిల్లలున్నారు. నాకు సంగీతం రాదు, శ్రుతి గురించి నోరెత్తను. మాట పలకడం, అర్థం చెప్పడం, అంతే. "చాల" అనేటప్పుడు చకారం నాలుక కొన పళ్లకు తగిలేటట్టు పలకాలని, "చరణము"లో అలా కాదని, ఎందుకంటే ఒకటి అచ్చ తెలుగు మాట, ఒకటి సంస్కృతం నుంచి వచ్చినదని చెబుతాను. ఒకసారి ఒక త్యాగరాజ కీర్తనకు అర్థం చెబితే ఒక పిల్లవాడు, "తాతా, ఆయన దేవుణ్ణి ఇలా నిలదీస్తాడా?" అని ఆశ్చర్యపోయాడు, ఆ తరువాత వాడు అదే పల్లవి పాడిన తీరు మారిపోయింది. ఆ క్షణం కోసం నేను ఎంత దూరమైనా బస్సెక్కి వెళ్తాను.

పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పలేక నేనే చదవడం మొదలుపెట్టాను. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది, దేశంలో ప్రచురించే పుస్తకాల ప్రతులు చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో అది ఒకటి, అక్కడ పాత తెలుగు నిఘంటువులు దొరుకుతాయి. అరవై నిండిన చెన్నై వాసులకు సిటీ బస్సులో నెలకు 10 ఉచిత టోకెన్లు ఇస్తారు, వాటితో నా గ్రంథాలయం రాకపోకలు గడిచిపోతాయి. డిసెంబరు సంగీతోత్సవంలో సాయంత్రం పెద్ద కచేరీలకు టికెట్టు కొనాలి గానీ, మధ్యాహ్నం చిన్న కళాకారుల కచేరీలు చాలా సంగీత సభల్లో ఉచితం. పోయిన డిసెంబరులో మా పై అంతస్తు పాప మైలాపూరులో అలాంటి ఒక మధ్యాహ్నం పాడింది. హాలులో ముప్పై మంది ఉంటారేమో. ఆ "ఫాల" వచ్చేసరికి పాప నా వైపు చూసి, స్పష్టంగా పలికి, ముందుకు సాగిపోయింది.

ఇది చెప్పడంలో నా ఉద్దేశం మీరూ సంగీతం పిల్లల దగ్గరకు వెళ్లాలని కాదు. ఉదయపు నడక, గుడి, మనవలు, టీవీ, ఇవన్నీ నాకూ ఉన్నాయి, వీటిలో ఏదీ ఆ ఎనిమిది నెలలలో నన్ను నిలబెట్టలేదు, ఎందుకంటే నేను వెళ్లకపోయినా అవి ఆగవు. మంగళవారం అయిదున్నరకు నేను వెళ్లకపోతే పదకొండు మంది పిల్లలు తలుపు వైపు చూస్తారు. అందుకే డబ్బు తీసుకోలేదు గానీ, సమయం విషయంలో ఉద్యోగంలో ఉన్నంత కచ్చితంగా ఉంటాను, జ్వరమొస్తే ముందురోజే ఫోను చేస్తాను. మీ దగ్గర ఉన్నదేదో, లెక్కలు కావచ్చు, మిషను బాగుచేయడం కావచ్చు, ఫారాలు నింపడం కావచ్చు, అది ఎవరికి కరువైందో వెతకండి. నాకు మాతృభాష తప్ప మరేమీ లేదనుకున్నాను, ఈ ఊళ్లో అదే కొరతగా ఉందని తెలియడానికి ఏడాది పట్టింది.

ఫ్లాటు అమ్మి పుణేలో కొడుకు దగ్గరకు వెళ్లిపోవాలా అని కూడా అడిగారు. నా అభిప్రాయం, కనీసం మూడేళ్లు అమ్మకండి. మా అబ్బాయి కూడా పిలిచాడు, ప్రేమగానే పిలిచాడు. ఏడాదికి ఇరవై రోజులు వెళ్లి ఉండి వస్తాము. 2020 మార్చిలో రైల్వేవారు వయోవృద్ధుల రాయితీ ఆపేశాక రానుపోను ఖర్చు భారమైంది, అది నాకు నిజంగా బాధగానే ఉంది, అయినా ఆ ఖర్చు నా బడ్జెట్టులో మొదటే రాసిపెట్టుకుంటాను. సొంత గడప ఉన్నంతకాలం అక్కడికి చుట్టంగా వెళ్తాము, గౌరవంగా తిరిగి వస్తాము. ఇద్దరిలో ఒకరే మిగిలిన రోజు ఈ లెక్క మారుతుంది, ఆ మాట మా ఇద్దరికీ తెలుసు, మాట్లాడుకున్నాము కూడా, మీరూ మీ ఆవిడతో ఇప్పుడే మాట్లాడండి.

మీకు ఇంకా 14 నెలలున్నాయి. ఈ నెల నుంచే ఖర్చంతా ఒక పుస్తకంలో రాయండి, మీ ఆవిడ చేతనే రాయించవద్దు, మీరే రాయండి. శనివారాలు సెలవైతే రెండు శనివారాలు ఏదైనా చోట పని అడిగి చేసి చూడండి, నచ్చకపోతే మరో చోటు చూడటానికి మీకు ఇంకా వ్యవధి ఉంటుంది. పొదుపు పథకానికి కావలసిన విరమణ ధ్రువపత్రం, ఎప్పుడు ఎంత వచ్చిందో తెలిపే కాగితం కంపెనీ నుంచి చివరి రోజునే తీసుకోండి. నేను తరువాత తెచ్చుకుందాములే అనుకుని మూడుసార్లు తిరిగాను.