రాత్రిపూట ట్యాంకులో ఏం జరుగుతోందో ముందు చూడు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. జోయాంథస్ ఫ్రాగులు (ప్లగ్గు అనే చిన్న బిళ్ల మీద అతికించిన కోరల్, అంటే పగడం ముక్కలు) మూడు ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి, పై రాయి ఒక పక్కకి వాలిపోయింది. నత్తలు, ముళ్ల బంతిలాంటి ఆ అర్చిన్, రొయ్యలు అన్నీ షాపులో తిరిగి ఇచ్చేస్తానన్నావు. ఒక్క వారం ఆగమ్మా. హ్యూస్టన్‌లో ఈ ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి నాకు 16 ఏళ్లయింది. నువ్వు చెప్పినవన్నీ నేనూ పడ్డాను. వాటిలో చాలావరకు ఆ జీవుల తప్పు కాదు, నేను రాళ్లు పేర్చిన తీరులోనే లోపం. అది తెలిసేలోపు మంచి కోరల్స్ పోగొట్టుకున్నాను. నీకు ఆ నష్టం జరగకూడదనే ఈ ఉత్తరం.

ముందు దొంగ ఎవరో తేల్చుకో. ట్యాంకు లైట్లు ఆరిన గంట తర్వాత హాల్లో లైట్లు కూడా ఆర్పేసి, టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి, స్టూలు వేసుకుని కూర్చో. ఎర్ర వెలుతురును ఇవి పెద్దగా పట్టించుకోవు. రోజూ ఓ 20 నిమిషాలు, వరసగా మూడు రాత్రులు చూడు. నేను మొదటిసారి అలా కూర్చున్నప్పుడు నిమ్మకాయంత టక్సీడో అర్చిన్ ఒక ఫ్రాగు పక్కన ఆగింది. ముళ్ల మధ్య నుంచి సన్నటి దారాల్లాంటి కాళ్లు బయటికి వచ్చాయి. ఒక్కొక్కటీ ఫ్రాగు అడుగున ఉన్న ప్లగ్గుకి అంటుకుంది. మెల్లగా దాన్ని పైకి లాక్కుని, నెత్తిన బిందె పెట్టుకున్నట్టు పెట్టుకుని రాతి మీదుగా వెళ్లిపోయింది. నెలరోజులుగా నేను పీతని అనుమానిస్తున్నాను!

అర్చిన్ అలా చేసేది కోరల్ మీద కోపంతో కాదు. దొరికిన గుల్లో రాయో నెత్తిన కప్పుకోవడం దాని స్వభావం. అతికించని ఫ్రాగు దాని లెక్కలో ఒక గులకరాయి. ఇసుక మీద నాలుగు ఖాళీ గుల్లలు, చిన్న రాతి ముక్కలు వేసి ఉంచు. పూర్తిగా మానదు కానీ చాలావరకు వాటితోనే సరిపెట్టుకుంటుంది. దాన్ని మాత్రం తీసేయకు. 1983, 84 సంవత్సరాల్లో కరీబియన్ సముద్రంలో పొడుగు ముళ్ల అర్చిన్లు ఏదో రోగంతో నూటికి 90కి పైగా చచ్చిపోయాయి. మేసేవి లేక నాచు పెరిగిపోయి పగడపు దిబ్బల్ని కమ్మేసింది. నీ ట్యాంకులో రాళ్లు శుభ్రంగా కనిపిస్తున్నాయంటే ఆ పని చేసేది ఆ నిమ్మకాయే. నాచు తక్కువైతే వారానికి రెండు మూడుసార్లు నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క ఒకటి రాతికి రబ్బరు బ్యాండుతో కట్టు. ఆకలిగా ఉన్న అర్చినే రాతి మీది గులాబీరంగు పూతని మరీ ఎక్కువ గీకేస్తుంది.

టర్బో నత్తల సంగతి వేరు. వాటికి బరువెక్కువ, దారిలో ఏది అడ్డొచ్చినా తోసుకుంటూ పోతాయి. నీ 40 గ్యాలన్ల ట్యాంకులో ఆరు ఎక్కువమ్మా, రెండు చాలు. మిగతా నాలుగూ ఇచ్చేసి ట్రోకస్ నత్తలు తెచ్చుకో. టర్బో వెల్లకిలా పడితే చాలాసార్లు తనంతట తాను లేవలేదు, అక్కడే చచ్చి నీళ్లు పాడుచేస్తుంది. ట్రోకస్ తిరగబడి లేస్తుంది. రోజూ పొద్దున పడిపోయిన నత్తలేమైనా ఉన్నాయేమో చూసి నిలబెట్టడం అలవాటు చేసుకో.

ఇక అతికించే పని. ఒట్టి సూపర్ గ్లూ పెడితే నత్త తగిలినప్పుడు పెచ్చులా ఊడొస్తుంది. ఒట్టి పుట్టీ అయితే తడి రాతికి పట్టదు. రెండూ కలిపి వాడాలి. పంపులు ఆపు. ఫ్రాగు అడుగుని టిష్యూతో తుడిచి జెల్ సూపర్ గ్లూ రాయి. రెండు రంగుల ఎపాక్సీ పుట్టీని చపాతీ పిండిలా ఒకే రంగు వచ్చేదాకా పిసికి, ఉసిరికాయంత ముద్ద దానికి అంటించు. ఆ ముద్ద అడుగున మళ్లీ గ్లూ రాసి, నీళ్లలో రాతి మీద పెట్టి అటూ ఇటూ కాస్త తిప్పుతూ నొక్కు. అంతకుముందే ఆ చోటు రాతిని పాత టూత్ బ్రష్‌తో గీకి ఉంచు, నాచు మీద ఏదీ అతకదు. జోయాంథస్ పట్టుకునేటప్పుడు చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఆ జాతిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది.

ఇప్పుడు నాకు అసలు టెన్షన్ పెట్టిన ఫొటో, ఆ వాలిన రాయి. అది నీ పిస్టల్ రొయ్య పనే. నా మూడో ఏడు ఇలాగే జరిగింది. అర్ధరాత్రి హాల్లో 'ఠప్' మంది. లేచి చూస్తే పెద్ద రాయి జారి ముందు గాజుకి ఆనుకుని ఉంది, కింద నా హ్యామర్ కోరల్ రెండు తలలూ విరిగి పడి ఉన్నాయి. గాజు పగలకపోవడం అదృష్టం. నేను చేసిన తప్పేమిటంటే, ముందు ఇసుక పోసి దాని మీద రాళ్లు పెట్టాను. రొయ్య రోజంతా కింద ఇసుకని తోడి బయటికి తోస్తూనే ఉంది. పగలు నేను దాన్ని చూసి ముచ్చటపడేవాణ్ణి కూడా. దానికి చూపు తక్కువ, మీసం ఒకటి గోబీ చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ తోక ఆడిస్తే చాలు, రొయ్య బొరియలోకి దూరిపోతుంది. ఆ జంటని విడదీయడానికి నాకు మనసొప్పలేదు, నీకూ ఒప్పదు.

రాళ్లు ట్యాంకు అడుగు గాజు మీద నేరుగా కూర్చోవాలి. ఇసుక వాటి చుట్టూ ఉండాలి, కింద కాదు. అప్పుడు రొయ్య ఎంత తవ్వినా రాయి కదలదు. ఒక్కో రాయినీ ఎత్తి, కింద ఇసుకని గాజు కనిపించేదాకా పక్కకి జరిపి, మూడు చోట్ల ఆనేలా కూర్చోబెట్టు. వేలితో తోసి చూడు, కొంచెం ఊగినా మళ్లీ తీసి పెట్టు. రాతికీ రాతికీ మధ్య పుట్టీ పెట్టి బిగించు. ఇసుకంతా ఒకే రోజు కదిలించకు. పాత ఇసుకలో చేరిన మురికి ఒక్కసారిగా లేచి అమ్మోనియా పెరుగుతుంది. మూడో వంతు చొప్పున చెయ్యి, ప్రతిసారీ కొంత నీళ్లు మార్చు. రొయ్య ఇల్లు కట్టుకోవడానికి రకరకాల సైజుల రాతి ముక్కలు ఒక మూల పొయ్యి.

రాత్రి చూస్తున్నప్పుడు ఒంటి నిండా నూగుతో, డెక్కల కొసలు నల్లగా ఉన్న పీత కనిపిస్తే దాన్ని మాత్రం ఉంచకు. అది రాయితో పాటు మన ఇంటికొచ్చిన బాపతు, కోరల్స్ తింటుంది. గాజు గ్లాసు ఒకటి రాతికి వాలుగా ఆనించి అడుగున చిన్న రొయ్య ముక్క వెయ్యి. లోపలికి దిగిన పీత నున్నటి గాజు ఎక్కి బయటికి రాలేదు. బొరియలోంచి రాకపోతే రాయిని బకెట్లోకి తీసి, ఆ బొరియలోకి సోడా నీళ్లు చిమ్మితే బయటికి ఉరుకుతుంది. రాయిని ఉడకబెట్టమని ఎవరైనా చెబితే వినకు! అలా చేసిన ఇళ్లలో ఆవిరితో పాలీటాక్సిన్ పీల్చి జనం ఆసుపత్రుల పాలయ్యారు. ట్యాంకులో రాగి మందు కూడా వెయ్యకు, వెన్నెముక లేనిదేదీ బతకదు.

నీ పెప్పర్మింట్ రొయ్య నిజంగా పెప్పర్మింటేనా అని ఒకసారి చూసుకో. వీపు మీద గూని, ఎరుపు మీద కొట్టొచ్చినట్టు తెల్లటి గీతలు ఉంటే అది క్యామెల్ రొయ్య. నీ జోయాంథస్‌ని కొరికేది అదే కావచ్చు. క్లీనర్ రొయ్య నీ డంకన్ కోరల్ నోట్లోంచి మేత లాగేస్తోందన్నావు. ప్లాస్టిక్ సీసా పై సగం కోసి గోపురంలా కోరల్ మీద బోర్లించి, మూతి లోంచి మేత వదులు. 20 నిమిషాల తర్వాత తీసెయ్యి. అంతకుముందే రొయ్యకి ఇంకో మూల కాస్త పెడితే ఇటు రాదు. హెర్మిట్ పీతలకి ఖాళీ గుల్లలు వేస్తే సరి, నత్తల్ని చంపి గుల్లలు లాక్కోవడం తగ్గుతుంది.

వద్దనుకున్నవి షాపుకే ఇవ్వు. గాల్వెస్టన్ వెళ్లినప్పుడు సముద్రంలో వదిలేద్దామని అనుకోవద్దు. అక్కడి నుంచి 100 మైళ్ల దూరంలో ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ పగడపు దిబ్బలున్నాయి. ఈ సముద్రానివి కాని లయన్ ఫిష్‌లు, ఎవరో ఇలా ట్యాంకుల్లోంచి వదిలేసినవే పెరిగాయంటారు, 2011లో అక్కడ కూడా కనిపించాయి.

విశాఖలో నీ తమ్ముడు కూడా ఇలాంటి ట్యాంకే పెడతానంటున్నాడని మీ నాన్న చెప్పాడు. గట్టి పగడాలు మన దేశంలో 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చేపలతో సరిపెట్టుకోమను, బీచ్‌లో దొరికిన పగడపు ముక్క కూడా ట్యాంకులో వెయ్యొద్దని చెప్పు.

శనివారం పొద్దున్నే బయల్దేరతాను, మధ్యాహ్నానికి డల్లాస్‌లో ఉంటాను. పుట్టీ, గ్లూ, రెండు పెద్ద బకెట్లు తెస్తాను. ఉప్పునీళ్లు మాత్రం ముందురోజే కలిపి ఉంచు, ఉప్పదనం చూపే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 ఉండేలా. ఆ పెద్ద రాయిని నువ్వొక్కదానివే ఎత్తకు. ఈలోపు దాని కింద ఉన్న కోరల్స్‌ని మాత్రం పక్కకి జరుపు, రాత్రి చూసినవన్నీ టైముతో సహా రాసిపెట్టు.

మీ
పెదనాన్న