స్క్రీన్లు రాయబోయే మేనకోడలికి

బిడ్డా,

వడ్ల కొనుగోలు సెంటర్ల యాప్‌కు స్క్రీన్లు ఎట్ల ఉండాల్నో నువ్వే రాసిస్తున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. మస్తు సంబరమైంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలే.

యాప్ ఏమేం చెయ్యాల్నో రాసే అవసరాలకు నంబర్లు వేసుడు, పెద్దసార్ల సంతకాలు తీసుకునుడు నీకు తెలిసినవే.

నల్లగొండ దిక్కు ఒక యార్డుల నేను లెక్కలు రాసే రోజుల్ల కంప్యూటర్ వచ్చింది. మా పుస్తకంల ముందు బస్తాలు, తర్వాత బరువు. స్క్రీన్ మీద దాన్ని తిరగేసిండ్రు. సీజన్‌ల చెయ్యి అలవాటు మీదనే పోతది. ఒక ముసలాయనవి 62 బస్తాలు, 40 కిలోల లెక్కన 24.80 క్వింటాళ్లు. ఆపరేటర్ పిల్లగాడు 62ను బరువు గడిల, 24.80ను బస్తాల గడిల కొట్టిండు. బస్తాలకు పాయింటు ఎట్లుంటది బిడ్డా? అయినా కంప్యూటర్ తీసుకుంది. బిల్లు ఆగింది. నాట్లకు ఆయన వడ్డీకి తెచ్చుకున్నడు. అందరు పిల్లగాన్నే తిట్టిండ్రు, నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. స్క్రీన్ల గురించి అవసరాల కాయితంల ఉన్నది ఒక్కటే ముక్క: "వాడుటానికి సులువుగా ఉండాలె". దాన్ని ఎవరు, దేనితోటి పరీక్ష చేస్తరు?

నువ్వట్ల రాస్తే ఊకోను. "బస్తాల గడి పూర్తి అంకెనే తీసుకోవాలె. బస్తాలకు, బరువుకు పొంతన లేకుంటే సేవ్ కాకముందే ఆపి అడగాలె" అని రాయి. వాడకం సులువు అంటే ఏందో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-11 చెప్పేది గిదే: ఎవరు, ఏ పనికి, ఎసుంటి జాగల వాడుతరో ముందు తేల్చాలె. అప్పుడే పని అయ్యిందా, ఎంతసేపు పట్టింది, మనిషికి తృప్తి ఉన్నదా అని చూడొస్తది. మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు వెలుగుల తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలె అంటది డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ పేజీలు అందరికీ అందేటట్టు ఉండాలని చెప్పే మార్గదర్శకాలు. మన సెంటర్లు ఎండల ఉంటయి, ఇంకా ఎక్కువే పెట్టు.

రాసినట్టే స్క్రీన్ వచ్చిందని టెస్టింగ్ వాళ్లు టిక్కు పెడితే మురువకు. రాసిందే తప్పైతే? కోడ్ మొదలుపెట్టకముందే తెల్లకాయితం మీద గీసి ఆపరేటర్ ముందట పెట్టు. "బాగుందా" అని అడగకు, మొహమాటానికి "మంచిగుంది మేడం" అంటరు. ఒక లాటు ఎక్కియ్యమని, నువ్వు నోరు మెదపకుండ చూడు. వేలు యాడ ఆగిందో రాసుకో. ఐదుగురితోనే చానా లోపాలు బయటపడతయని వాడకం సులువు మీద పనిచేసిన నిపుణుడు జాకబ్ నీల్సన్ అంటడు. ఆ ఐదుగురు నీ ఆఫీసోళ్లు కావద్దు.

గట్టిగ రాసిననేమో, కోపం తెచ్చుకోకు తల్లీ. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకంల తప్పు పట్టింది నువ్వే గదా. నవంబర్‌ల వడ్లు దిగుతయి. టైం లేదని మీ మేనేజర్ అంటే సెలవు పెట్టి రా, మన ఊరి సెంటర్‌ల ఆపరేటర్ పక్కన కూసోబెట్టే పూచీ నాది.

మీ మామ