రెండు కొరియాలు ఒకదాన్నొకటి వేరే దేశంగా గుర్తిస్తాయా?

దక్షిణ కొరియా గుర్తించదు. దాని రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం కొరియా ద్వీపకల్పం మొత్తం, చుట్టూ ఉన్న దీవులతో సహా, తన భూభాగమే. అందుకే ఉత్తరం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను సొంత పౌరులుగానే చూస్తుంది. ఉత్తరంతో వ్యవహారాలు చూడటానికి విదేశాంగ శాఖ కాకుండా విడిగా ఏకీకరణ శాఖ ఉంది.

1991లో రెండూ ఒకేరోజు ఐక్యరాజ్యసమితిలో చేరాయి. అయినా ఆ డిసెంబరులో కుదిరిన ఒప్పందంలో తమది రెండు దేశాల సంబంధం కాదని, ఏకీకరణ దారిలో ఏర్పడ్డ తాత్కాలిక, ప్రత్యేక బంధమని రాసుకున్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి పేర్లు. దక్షిణంవాళ్లు తమ దేశాన్ని 'హాంగుక్', అంటే హాన్ దేశం అంటారు, ఉత్తరాన్ని 'బుఖాన్' అంటారు, అంటే ఉత్తర హాన్. ఉత్తరంవాళ్లది 'చోసన్'. దక్షిణాన్ని 'నమ్‌జోసన్', అంటే దక్షిణ చోసన్ అనేవారు. ఎవరికివారు అవతలివాళ్లను తమ పేరులోనే కలుపుకున్నారన్నమాట. 2023లో ఉత్తరం దక్షిణాన్ని దాని అధికారిక పేరుతో పిలవడం మొదలుపెట్టింది. అది గౌరవం కాదు, మీరు పరాయివాళ్లని చెప్పడం. 2024 జనవరిలో కిమ్ జోంగ్ ఉన్ ఏకీకరణ లక్ష్యాన్నే వదిలేశారు.

కొరియా రెండుగా చీలడంతో విడిపోయిన కుటుంబాలు చివరిసారి ఎదురెదురుగా కలుసుకున్నది 2018 ఆగస్టులో, ఉత్తరంలోని కుమ్‌గాంగ్ కొండ దగ్గర. తోబుట్టువుల్ని మళ్లీ చూడకుండానే పోతున్న ముసలివాళ్లను తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.