పాత డీజిల్ పికప్‌లో టక్ టక్ శబ్దం: ఇంజన్ దించక ముందు సబ్బునీళ్లతో ఒకసారి చూడండి

మీ 2004 మోడల్ డీజిల్ పికప్‌లో పొద్దున్నే స్టార్ట్ చేయగానే టక్ టక్‌మని శబ్దం వస్తోందని, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు అది పెరుగుతోందని, మెకానిక్ మూడో సిలిండర్ నాజిల్ (డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మే భాగం) పైపును వదులు చేయగా శబ్దం తగ్గడంతో బేరింగు పోయిందని తేల్చి, ఇంజన్ దించాలన్నారని రాశారు. నాలుగేళ్ల కిందట నేను కూడా ఒక షెడ్డులో ఇదే మాట విన్నాను. అప్పటికే పదహారేళ్లు దాటిన మా పికప్‌లో నూజివీడు వైపు తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయలు తోలేవాళ్లం. సీజన్ మధ్యలో బండి పది రోజులు షెడ్డులో ఉంటే ఆ ఏటి కిరాయిల్లో పెద్ద భాగం పోయినట్లే కనుక, ఇంజన్ దించడానికి ఒప్పుకునే ముందు రెండు రోజులు గడువు అడిగి, ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో నేనే వెతకడం మొదలుపెట్టాను.

మీ మెకానిక్ చేసిన పరీక్ష సరైనదే. ఆయన దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం తొందరపాటు. నాజిల్ పైపు నట్టు వదులు చేస్తే ఆ సిలిండర్‌లోకి డీజిల్ వెళ్లదు, అందులో మంట పుట్టదు, పిస్టన్ మీద దెబ్బ పడదు. కాబట్టి పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగి ఉంటే దాని శబ్దం తగ్గుతుంది. అయితే నాజిల్ అడుగున ఉండే రాగి వాషర్ పాడై, మండిన గ్యాసు ఆ సందులోంచి బయటికి తన్నుతున్నప్పుడు కూడా, మంట ఆగగానే ఆ శబ్దం బాగా తగ్గిపోతుంది. నాజిలే చెడిపోయి డీజిల్‌ను సరిగా చిమ్మక సిలిండర్ కొట్టుకుంటున్నా ఇదే ఫలితం కనిపిస్తుంది. అంటే ఈ పరీక్షతో తేడా ఏ సిలిండర్‌లో ఉందో తెలుస్తుంది గాని, ఏ భాగంలో ఉందో తెలియదు. ఒక్క టాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) శబ్దాన్ని మాత్రం దీనితో పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే డీజిల్ ఆపినా ఆపకపోయినా అవి ఒకేలా కొట్టుకుంటాయి.

అందువల్ల మొదట చూడవలసింది వేడితో శబ్దం ఎలా మారుతోందన్నది. బేరింగు అరిగితే ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడే కొద్దీ శబ్దం బరువెక్కుతుంది, స్లో రేసులో ఆయిల్ లైటు మిణుకుమనడం కూడా సాధారణమే. వాషర్ దగ్గరో, సైలెన్సర్ వైపు పొగ వెళ్లే గొట్టం (మానిఫోల్డ్) ప్యాకింగ్ దగ్గరో గ్యాసు కారుతుంటే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, లోహం వేడికి వ్యాకోచించాక చాలాసార్లు తగ్గుతుంది. మాది పావుగంట నడిచాక సగానికి తగ్గేది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే ఆయిల్ చాంబర్ దగ్గర ఏమీ లేదు. పైన హెడ్డు దగ్గర మాత్రం టక్కుతో పాటు చుప్ చుప్‌మని ఊపిరి వదిలినట్లు వినిపించింది. (ఇలా వినేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి, ఫ్యాను బెల్టు దాన్ని లాక్కుంటే చెవి కూడా దాని వెంటే వెళుతుంది.)

మర్నాడు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగానే, అంట్లు తోమే సబ్బును చిక్కగా కలిపిన నీళ్లను నాలుగు నాజిళ్ల మొదళ్ల చుట్టూ పోసి, మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. మూడో నాజిల్ దగ్గర నురగ బుడగలు బుడగలుగా పొంగింది, మిగిలిన మూడూ కదలలేదు. చుట్టూ తారులా గట్టిపడిన నల్లటి మసిని నేను అంతకుముందు ఆయిల్ మురికి అనుకుని తుడవకుండా వదిలేశాను.

మరమ్మతు చిన్నదే అయినా అజాగ్రత్తగా చేయదగ్గది కాదు. మసిలో బిగుసుకుపోయిన నాజిల్‌ను బలవంతంగా పీకకుండా, తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా ఉంచి, తర్వాత అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. పాత వాషర్ ఒక్కోసారి గుంట అడుగునే అతుక్కుని ఉండిపోతుంది. అది చూసుకోకుండా పైన కొత్తది వేస్తే నాజిల్ మొన ఉండవలసిన చోటు కంటే ఎత్తుగా నిలుస్తుంది, గ్యాసు మళ్లీ కారుతుంది. కూర్చునే చోటును శుభ్రం చేసేటప్పుడు మసి రవ్వలు సిలిండర్‌లో పడకుండా అడుగు రంధ్రానికి అడ్డం పెట్టాలి. పాత వాషర్‌ను మళ్లీ వాడకూడదు, బిగింపు కూడా బండి మాన్యువల్‌లో చెప్పిన మేరకే టార్క్ స్పానర్‌తో ఉండాలి. మేము నాలుగింటికీ కొత్తవి వేయించాం. వాషర్ల ఖర్చు 200 రూపాయలు దాటలేదు, కూలి మాత్రం ఒక పూటది అయింది. అదే సాయంత్రం బండి లోడు ఎత్తింది.

ఒక హెచ్చరిక. మీ బండిలో పాత రకం పంపు ఉంది కనుక మెకానిక్ నట్టు వదులు చేయగలిగారు, అప్పుడు కూడా చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ప్రతి నాజిల్ తల మీదా కరెంటు వైరు కనెక్టర్ ఉంటే అది కామన్ రైల్ ఇంజన్, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి ఎక్కువ పీడనంతో డీజిల్ అందే రకం. అందులో పీడనం 1000 బార్లు కూడా దాటగలదు, చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, కాబట్టి నడుస్తున్న ఇంజన్ మీద ఆ నట్టు జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి.

సబ్బునీళ్లలో బుడగలు రాకపోతే మానిఫోల్డ్ అతుకు వెంట మసి చార ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే ఆయిల్ దించి పలచటి తెల్లగుడ్డలో వడగట్టండి. గుడ్డ మీద రాగి రంగువో వెండి రంగువో తళుకులు మిగిలితే మీ మెకానిక్ మాటే నిజం. అప్పుడు షెడ్డు దాకా కూడా సొంతంగా నడపకుండా కట్టి లాగించుకు వెళ్లండి, ఎందుకంటే ఆ స్థితిలో రాడ్డు తెగితే బ్లాకుకే రంధ్రం పడుతుంది.