ప్రోడక్ట్ మేనేజర్ అవుతున్న మా మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

వదిన ఫోన్ చేసి, వీడు కోడింగ్ మానేసి ప్రోడక్ట్ మేనేజర్ అవుతాడట, బెంగళూరులో ఏదో చిన్న కంపెనీ అట, ఇది ప్రమోషనా డిమోషనా నువ్వే చెప్పు అని ఒకటే కంగారు. ఏం కాదులే వదినా అని సర్దిచెప్పా గానీ నాకే నిద్ర పట్టలేదు. గర్వంగానే ఉందిరా, కాకపోతే ఆ కుర్చీ సంగతి తెలిసినదాన్ని కదా.

ఏ పని చెయ్యాలో టీమ్‌కి టికెట్లు రాయడం, మీటింగ్ అయ్యాక మెయిల్ పెట్టడం, ఇవి నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పీఎం అంటే మినీ సీఈఓ అని ఎవడైనా అంటే నవ్వి ఊరుకో, నీ కింద ఒక్కడూ ఉండడు.

నా భయమంతా వాడకాన్ని గ్రాఫుల్లో చూపించే ఆ డ్యాష్‌బోర్డులతోనే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నేను మెడికల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ చూసేదాన్ని. వ్యాట్ పోయింది, పాత బిల్లు పనికిరాదు, షాపులవాళ్లు ఎగబడ్డారు. అదే ఊపులో మావాళ్లు స్క్రీన్ మొత్తం మార్చేశారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కొన్నాళ్లకి గ్రాఫ్‌లో రాత్రి పదింటి తర్వాత వాడకం అమాంతం పెరిగింది, ఆహా కస్టమర్లు రాత్రిళ్లు కూడా వదలట్లేదు అని ఆఫీసులో కేక్ కట్ చేశారు. ఏదో ప్రింటర్ గొడవ మీద అమీర్‌పేటలో ఒక షాపుకెళ్తే అప్పుడు తెలిసింది. కౌంటర్ మీది కుర్రాడు ఎడమ చేత్తో స్ట్రిప్ పట్టుకుని బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చదువుతూ కుడి చేత్తో టకటకా కొడతాడు, స్క్రీన్ వంక చూడనే చూడడు. పాతదాంట్లో ఎంటర్ నొక్కుకుంటూ పోతే బిల్లు అయిపోయేది, కొత్తదాంట్లో ప్రతిదానికీ మౌస్ పట్టుకోవాలి, స్ట్రిప్‌లో నాలుగు మాత్రలు కత్తిరించి ఇవ్వాలంటే ఇంకో విండో తెరవాలి. సాయంత్రం జనంలో అది అయ్యే పనేనా? కాగితం మీద రాసిచ్చేసి, షట్టర్ దించాక కూర్చుని అన్నీ ఎక్కిస్తున్నారు. అదీ మా గ్రోత్! "మేడమ్, ఇంటికెళ్లేసరికి పిల్లలు పడుకుంటున్నారు" అన్నాడు ఓనరు. ఆఫీసులో చెప్తే ఒక్క షాపు మాట డేటా కాదన్నారు. రెన్యువల్ వచ్చేసరికి చాలామంది జారుకున్నారు. మా పీఎం తెలివైనవాడేరా, ఐఐఎమ్ కూడా, కౌంటర్ వెనక నిలబడలేదు అంతే.

అందుకే వారానికోసారైనా కస్టమర్ల దగ్గరికి వెళ్లు. ఎలా ఉంది అని అడక్కు, అంతా బాగుంది సార్ టీ తాగండి అంటారు. ఓ మూల నిలబడి చూడు.

సేల్స్‌వాళ్లు పెద్ద కస్టమర్ అడిగాడని రోడ్‌మ్యాప్, అదే ముందు ఏది చెయ్యాలి తర్వాత ఏది చెయ్యాలి అన్న ప్లాన్, మార్చమంటారు. ఇంకెంతమందికి పనికొస్తుందో అడుగు, జవాబు లేకపోతే కుదరదను. నీకు అదే రాదు కదా, పెళ్లిళ్లలో ఎవరేం వడ్డించినా వద్దనలేక తినేసి రాత్రంతా కడుపునొప్పని నా ఒళ్లో ఏడ్చేవాడివి, వెధవా.

ఇంకోటి, జీతం తగ్గించి ఈసాప్స్, అదే కంపెనీ షేర్లని ముందే అనుకున్న ధరకి తర్వాత కొనుక్కునే హక్కు, ఇస్తున్నారట. మామూలుగా మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఒక్క షేరూ రాదు. వెస్ట్ అయినవి, అంటే గడువు నిండి నీ హక్కు అయినవి, కొనుక్కునేటప్పుడు కూడా రూపాయి చేతికి రాకుండానే షేరు విలువకీ నువ్వు కట్టే ధరకీ ఉన్న తేడాని జీతంలో కలిపి ట్యాక్స్ లెక్కేస్తారు. వాటిని చూసుకుని ఫ్లాట్ ఈఎంఐ పెట్టుకున్నావో, చంపేస్తా. ఉద్యోగం మానేశాక వాటిని ఎన్నాళ్లలోపు కొనుక్కోవాలో ఆ క్లాజు నేను చూడాలి, సంతకం పెట్టకముందే పీడీఎఫ్ వాట్సాప్ చెయ్. వదినకి నేను చెప్పుకుంటాలే.

అత్త