ఊయల కింద ఏముందో చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కార్తీక మాసంలో మోటార్‌సైకిలు మీద రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు మీదుగా అరకు దాకా వెళతానని, లాడ్జీల జోలికి పోకుండా చెట్లకు ఊయల కట్టుకుని పడుకుంటానని రాశావు. మీ అమ్మ ఫోను చేసి నిన్ను ఆపమంది. ముప్ఫై ఏళ్లు రోడ్ల సర్వే పనిమీద ఆ కొండల్లో తిరిగినవాణ్ని, నిన్ను ఆపే మొహం నాకెక్కడిది? కానీ నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాక ఒకటి అర్థమైంది. నీ దిగులంతా పైనుంచి పడే వాన గురించే. నేను ఊయలలో పడ్డ కష్టాల్లో చాలావరకు కిందనుంచో, పక్కనుంచో వచ్చినవే.

ముందు గుడ్డ సంగతి. చీర ఉయ్యాలలో పెరిగినవాళ్లం కాబట్టి మనకు నూలు గుడ్డ మీద నమ్మకం ఎక్కువ. పసిబిడ్డకు అది చాలు. నీ బరువుకు, ఆ మంచుకు చాలదు. ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు, ముక్కవాసన వస్తుంది, నెమ్మదిగా పుచ్చిపోతుంది. పారాచూట్ గుడ్డ అని బట్టల కొట్లలో అడుగు. గట్టి నైలాను చూపిస్తారు. 60 అంగుళాల పన్నా ఉన్నది మూడున్నర మీటర్లు తీసుకో. రెండు చేతులతో పట్టుకుని బలంగా గుంజి చూడు, నేత ఎడంగా జరిగితే ఆ గుడ్డ వద్దు. కత్తిరించిన అంచును కొవ్వొత్తి మంటకు దగ్గరగా తీసుకుపోతే కరిగి గట్టిపడుతుంది, పోగులు ఊడవు. పొడవు అంచులు మడిచి కుట్టు. రెండు కొసల్లో మాత్రం లంగాకు బొందు దోపే మడతలాంటిది నాలుగు వేళ్ల వెడల్పున వేసి, మూడు వరసలు కుట్టు. దారం పాలిస్టర్‌ది, సూది 16 నంబరుది. ఆ మడతలోంచి తాడు దూర్చి లాగితే కొస కుచ్చులా ముడుచుకుంటుంది. అంతే, ఊయల తయారైనట్టే. గుడ్డ మధ్యలో ఎక్కడా అడ్డంగా అతుకు ఉండకూడదు.

అసలు విద్య కట్టడంలో ఉంది. కొత్తలో ఒక మామిడితోటలో బట్టలారేసే తీగలాగా బిగించి కట్టాను. ఎంత బిగిస్తే అంత బల్లపరుపుగా ఉంటుందని నా తెలివి. అర్ధరాత్రి తాడు ఫట్‌మని తెగి, వీపు కిందున్న వేరు మీద పడ్డాను. వారం రోజులు వంగి, సర్వేలో కోణాలు కొలిచే థియోడలైట్‌లోకి చూడలేకపోయాను. ఆ తర్వాత లెక్క వేసుకున్నాను. తాడు నేలకు సమాంతర రేఖనుంచి 30 డిగ్రీలు పైకి వాలి ఉంటే, 75 కిలోల మనిషికి ఒక్కో తాడు మీద సరిగ్గా 75 కిలోల లాగుడు పడుతుంది. అదే తాడు బిగించి 10 డిగ్రీలకు తెస్తే 215 కిలోలు దాటుతుంది. కదిలినప్పుడు పడే కుదుపు అదనం. 30 డిగ్రీలకు కొలబద్ద నీ చేతిలోనే ఉంది. చూపుడు వేలిని సమాంతరంగా చాచి, బొటన వేలిని నిలువుగా ఎత్తు. ఒక వేలి కొసనుంచి రెండో వేలి కొసకు గీసిన వాలు దాదాపు అంతే. దాన్ని తాడు పక్కన పెట్టి చూసుకో. నాలుగున్నర మీటర్ల ఎడమున్న చెట్లకు దాదాపు నీ తల ఎత్తులో కడితే సరిపోతుంది. కూర్చుంటే కుర్చీ ఎత్తు ఉండాలి, అంతకన్నా ఎత్తు వద్దు. ఊయల రెండు కొసల మధ్య సన్నటి తాడు ఒకటి కట్టు. ఊయల పొడవు 330 సెంటీమీటర్లయితే ఆ తాడు 275 దాకా ఉండాలి. చెట్లు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా ప్రతిరాత్రీ కుంగు ఒకేలా వస్తుంది. పడుకునేటప్పుడు నిలువుగా కాక కాస్త ఐమూలగా పడుకో. వెన్ను నిటారుగా ఉంటుంది. ఇది తెలియనివాళ్లే ఊయలలో నడుం పట్టేసిందని తిట్టుకుంటారు.

చెట్టుకు చుట్టేది మంచానికి అల్లే నవారు కాదు. లారీల్లో సరుకు బిగించే పాలిస్టర్ బెల్టు, అంగుళం వెడల్పుది, మూడేసి మీటర్లవి రెండు ముక్కలు తీసుకో. సన్నతాడు బెరడును కోస్తుంది, చెట్టుకు గాయమవుతుంది. చెట్టును కూడా చూసుకోవాలి. మునగ చటుక్కున విరుగుతుంది, దాని దగ్గరికి పోకు. చింతపల్లి, పాడేరు కాఫీ తోటల్లో నీడకోసం వేసే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, అందంగా ఉంటాయి. కొమ్మలు మాత్రం పెళుసు, పైగా వాటిని పట్టుకుని మిరియం తీగ పాకి ఉంటుంది. అది ఒకరి ఏడాది రాబడి. జీలుగు చెట్టుకు అసలు కట్టవద్దు, కుండ కట్టి కల్లు తీసేవాళ్లు తెల్లవారుజామునే వస్తారు. కట్టే ముందు తలెత్తి ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడు. ఇక మోటార్‌సైకిలును రెండో చెట్టుగా వాడవచ్చా అని అడిగావు. స్టాండు మెత్తటి నేలలో దిగబడి బండి నీ మీదికి వస్తుంది. ఇంట్లో ప్రయత్నం చేసేటప్పుడు ఇటుక స్తంభాలకూ పిట్టగోడలకూ కట్టకు. అవి పైనుంచి పడే బరువు మోస్తాయి గాని పక్కకు లాగితే ఆగవు. పెరట్లో మామిడి, వేప ఉన్నాయి కదా. తొలిసారి నువ్వు ఎక్కకుండా, 50 కిలోల బియ్యం బస్తాలు రెండు పడుకోబెట్టి ఒక పూట వదిలెయ్యి.

ఇప్పుడు కిందనుంచి వచ్చే కష్టాలు. లంబసింగి పేరు నువ్వు విన్నావు, డిసెంబరు, జనవరిలో అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరికి పోతుంది. కార్తీకంలో అంత ఉండదు గాని, నువ్వు కప్పుకున్న దుప్పటి మీద నమ్మకం పెట్టుకుంటే తెల్లవారుజామున మూడింటికి వీపు గడ్డకడుతుంది. మంచం మీద కింద పరుపు ఉంటుంది, ఊయల కింద గాలి ఉంటుంది. లోపల దుప్పటి పరిస్తే నీ బరువుకు నలిగిపోయి వెచ్చదనం పోతుంది. అందుకే బొంతను ఊయల లోపల కాదు, బయట కింద వేలాడదియ్యాలి. నాలుగు మూలలా బొందులు కుట్టి, ఎలాస్టిక్ తాడుతో రెండు కొసలకూ కట్టు. గుడ్డకు ఆనీ ఆననట్టు ఉండాలి. మీ అమ్మ పాత నేతచీరలు రెండు అడుగు. మధ్యలో పాలిస్టర్ దూది పొర పెట్టి కుడదాం.

ఆ బొంత ఇంకో పని కూడా చేస్తుంది. నీ వీపుకు బిగుతుగా అతుక్కున్న నైలాను గుడ్డలోంచి దోమ సులువుగా కుడుతుంది. ఒకసారి దోమతెర పైనుంచి గొడుగులా వేసుకుని హాయిగా పడుకున్నాను, పొద్దున లేచి చూసుకుంటే వీపు నిండా దద్దుర్లు. ఆ తర్వాత పది రోజులకు జ్వరం. మలేరియా దోమవల్లే వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. నేను మాత్రం ఆ పాఠం అడవిలో నేర్చుకున్నాను. దోమతెర గుడ్డను దిండు గలీబులాగా రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టంలా కుట్టు, ఊయల మొత్తం అందులోంచి దూరేలా. రెండు చివర్లా బొందు బిగించు. అడుగున పొడవుగా చీలిక ఉంచి, అక్కడినుంచి లోపలికి దూరు. లోపలికి వెళ్లాక చీలిక మూసుకోవడం మరిచిపోకు.

నేల మీద పడుకోనందుకు ఒక లాభం ఉంది. కట్లపాము రాత్రిళ్లు నేలపడక మీద ఉన్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, ఆ కాటు నొప్పి కూడా అంతగా తెలియదు. బూట్లు మాత్రం కిందనే వదిలేసి లాభం చెడగొట్టుకోకు. తలకిందులుగా వేలాడదియ్యి, పొద్దున దులిపి తొడుక్కో.

పైకప్పుకు పొడవూ వెడల్పూ మూడేసి మీటర్లున్న బరకం చాలు. 120 జీఎస్ఎం రకం, అంటే చదరపు మీటరుకు 120 గ్రాములది, కిలో పైచిలుకు తూగుతుంది. నీ జాబితాలో ఉన్నది పెళ్లిపందిరికి సరిపోతుంది, అది తీసెయ్యి. ఐమూలగా వేసి, గాలి వచ్చే వైపు కొంచెం కిందికి దించు. అయినా తడుస్తావు, ఎందుకంటే వాన చెట్టు మొదలు మీదుగా కారి, బెల్టు వెంట నడిచి, తిన్నగా నీ తలదిండు దాకా వస్తుంది. ఊయలకు బెత్తెడు దూరంలో, బరకం నీడలోనే, బెల్టుకు నూలు పీలిక ఒకటి కట్టి కిందికి వదులు. నీళ్లు దాని వెంట నేలకు జారిపోతాయి. పెరట్లో చెంబుతో నీళ్లు పోసి చూడు, ముచ్చటగా ఉంటుంది.

సర్దడంలో ఒక్క మాట. నైలానుకు సైలెన్సరు బద్ధశత్రువు. ఘాట్‌లో సంచి కాస్త జారి దానికి తగిలితే ఎంత లోపలికి కరిగిందో ఆగాకగాని తెలియదు. నాది మూడు మడతలు కరిగి అతుక్కుపోయింది. ఊయల, బొంత ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దానిపైన యూరియా సంచి తొడిగి, సైలెన్సరు లేని వైపు కట్టు. తడి బరకం వేరే సంచిలో.

సాయంత్రం నాలుగింటికి బండి ఆపెయ్యి. ఆ కొండల్లో పొద్దు తొందరగా వాలుతుంది, వెలుతురులో కట్టిన ఊయలకూ చీకట్లో కట్టినదానికీ చాలా తేడా ఉంటుంది. రిజర్వు అడవిలోకి, పాపికొండల జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా దూరకు. ఊళ్లోకి వెళ్లి పెద్దమనిషిని అడుగు, తోట అంచున చోటు చూపిస్తారు. వద్దంటే ఇంకో ఊరు చూసుకో. నిప్పు రాజేయకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. మీ అత్త మిషనుకు నూనె వేసి ఉంచుతానంది. గుడ్డ నువ్వు కత్తిరించకు, అలాగే పట్టుకురా.

మీ మామయ్య